ఆంగ్లమునఁ బ్రలంబార్థకపదముల చరిత్రము

పర్యాయపదములను వర్గములుగాఁ గూర్చుట భారతీయులకుఁ గ్రొత్త గాదు. అమరసింహుని నామలింగానుశాసనముతోడనే సంస్కృతవిద్యాభ్యాసము ప్రారంభమగుట చిరకాలాచారము. ఆంగ్లమున నట్టి కూర్పులలో మిక్కిలి ప్రసిద్ధి వహించినది 1852వ సంవత్సరమున లండనులోఁ బ్రకటింపఁబడిన పీటర్ మార్క్ రోజెట్ అను వైద్యుని థిసారస్. ఆ గ్రంథపీఠికలో రోజెట్ అమరకోశమును బేర్కొని, దానికి హెన్రీ కోల్‌బ్రుక్ చేసిన యాంగ్లానువాదము 1808లో శ్రీరామపురమున ముద్రితమైనదని తెలిపి, అందలి వర్గవిభాగము మాత్రము మిక్కిలి యసమగ్రమని యాక్షేపించెను. అయినను రెండు గ్రంథములయందును సమానమైన యిబ్బంది యొకటి కలదు. ఒక యర్థము క్రిందఁ జేర్పఁబడిన పదములన్నియు నొకదానికొకటి సరియను భ్రాంతి చదువరికిఁ గలుగును. ముందునకుఁ బొడుచుకొనివచ్చుట, క్రిందిదానిపైకి వ్రాలియుండుట యను నర్థములయం దాంగ్లమునఁ గల పదముల చరిత్రమును బరిశీలించినచో నీ భ్రాంతి తొలఁగును.

ఈ పదములు మూఁడు మార్గముల వచ్చినవి. కొన్ని యాంగ్లో-సాక్సనుల కాలమునుండియు నున్న దేశ్యములు. కొన్ని 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచినుండి చేరినవి. కొన్ని పండితులు లాటిన్ గ్రంథములనుండి గ్రహించినవి. తెలుఁగున దేశ్య తద్భవ తత్సమ భేదమును బాఠము చెప్పువారికి నీ విభాగము సులభముగా బోధపడును.

దేశ్యములలో 'ఓవర్‌హ్యాంగ్' అనునది 'పై', 'వ్రేలు' అను నర్థములుగల రెండు పదముల కూడిక. దాని భావము పదమునందే తెలియుచున్నది. ఇంతకంటె విచిత్రమైనది చూరునకుఁ బేరగు 'ఈవ్స్'. ప్రాచీనాంగ్లమున 'ఎఫెస్' అనునది ఏకవచనము. తుదినున్న సకారమును బహువచనప్రత్యయమని యెంచుటచేఁ దరువాత 'ఈవ్' అను నేకవచనము పుట్టినది. చూరునీరు పడు నేలకు 'ఈవ్స్‌డ్రాప్' అని పేరు. 9వ శతాబ్దమునాఁటి కెంటు ప్రాంతపు దానపత్ర మొకటి, చూరునీటికై రెండడుగుల స్థలము విడువవలయునను నాచారమును బేర్కొనుచున్నది. ఆ నేలపై నిలిచి, గోడకుఁ జెవి యొగ్గి, యింటిలోని మాటలు వినువాఁడు 'ఈవ్స్‌డ్రాపర్'. న్యాయవేత్తయగు బ్లాక్‌స్టన్ 1769లో వెలువడిన తన వ్యాఖ్యానముల నాల్గవ సంపుటమున నిట్టివానిని దండనార్హులలోఁ జేర్చెను. నేఁడు చూరునీటి నేల మఱపునఁ బడినది. చాటున వినువాఁడు మాత్రము భాషలో నిలిచినాఁడు.

ఫ్రెంచినుండి వచ్చినవానిలో 'జెట్టీ' ముఖ్యము. విసరుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన యీ పదమునకు 'విసరఁబడినది' యని భావము. సముద్రములోనికిఁ జొచ్చుకొనిపోవు కట్టడమునకును, క్రింది గోడను మీఱి వీథిపైకి వచ్చిన మీఁది యంతస్తునకును గూడ నిదియే పేరు. 16వ శతాబ్దమునఁ గానవచ్చు 'జట్' అను క్రియయు నీ కుటుంబములోనిదే. ఇఱుకైన పట్టణములలో నేల చాలక, మీఁది యంతస్తు దూలములను గోడ కావలికి సాఁచి, వాని కొనలపైఁ గొయ్యగోడ నిలిపి, గదులను విశాలము చేసికొనుచుండిరి. రెండుమూఁడంతస్తు లిట్లు ఒకదానిని మించి యొకటి ముందునకు రాఁగా, వీథి కిరువైపుల యిండ్ల పైభాగములు దాదాపుగాఁ దాఁకుచుండెను. యార్కు నగరపు షాంబుల్స్ వీథిలో నట్టి యిండ్లను నేఁటికిని జూడవచ్చును.

లండనులో నిట్టి కట్టడములను రెండవ చార్లెసు 1661లో నిషేధించెను గాని, లక్ష్యపెట్టినవారు తక్కువ. 1666 సెప్టెంబరు 2వ తేదిని పుడ్డింగ్ లేన్ అను సందునఁ బుట్టిన యగ్ని నాలుగు దినములలో 13,200 ఇండ్లను, 87 చర్చిలను దహించెను. కొయ్యయిండ్ల పైభాగములు చేరువగా నుండుట మంట వీథిని దాఁటుటకుఁ దోడ్పడినది. 1667నాఁటి చట్టము ఇటుకతోనో రాతితోనో యిండ్లు గట్టవలెనని విధించెను. వ్రాలిన యంతస్తు లట్లు క్రమముగాఁ దొలఁగఁగా, సామాన్యవ్యవహారమున 'జెట్టీ' రేవునకే మిగిలినది. తెలుఁగువారి రేవులకును నా యర్థముతోడనే వచ్చినది. పాత యర్థము వాస్తుచరిత్రకారుల వ్రాఁతలలో మాత్రమే కానవచ్చును.

గోడనుండి ముందునకు వచ్చి పైబరువు మోయు ఱాతికి 'కార్బెల్' అని పేరు. ప్రాచీన ఫ్రెంచిలో దీని కర్థము చిన్న కాకోలము. ఱాతి యాకారము ముక్కును బోలుటయే కారణమందురు. భారతీయ శిల్పశాస్త్రములలో దేవాలయపు గోడకుఁ బైని వంపుగా ముందునకు వ్రాలిన భాగము 'కపోతము'. అచ్చటివారు కాకిజాతిని జూచినచోట నిచ్చటివారు పావురమును జూచిరి. గోడమేకును నాగదంత మనుటయు నిట్టిదే. ముందునకు వచ్చినదానిఁ బ్రాణియంగముగా భావించుట పలుదేశముల పనివాండ్రకు సహజము.

ఈ భావమే 'బీటిల్' అను క్రియయందు మఱియొక త్రోవఁ బట్టినది. 14వ శతాబ్దమునఁ లాంగ్లండ్ రచించిన పియర్స్ ప్లౌమన్ కావ్యమున దురాశను మనుష్యరూపమున వర్ణించుచు, వ్రాలిన కనుబొమలు గలవాఁడను నర్థమున నీ పదమును విశేషణములో వాడెను. దాని తొలిభాగపు వ్యుత్పత్తి వివాదగ్రస్తము. షేక్స్పియర్ హామ్లెట్ నాటకమున దానిని గ్రియగాఁ జేసి, సముద్రముపైకి వ్రాలిన కొండకొమ్మునకుఁ బ్రయోగించెను. ఆత్మ వెంటఁ బోవలదని హొరేషియో హెచ్చరించు సందర్భ మది. కనుబొమనుండి పదము కొండ కెక్కినది. అంతకుఁ గొంచెము ముందు రచితమైన ఐదవ హెన్రీ నాటకమున నా కవియే దీనికి విపరీతముగాఁ జేసెను. హార్‌ఫ్లూర్ కోట ముట్టడిలో రాజు తన భటులతో, అలలు తొలిచిన కొండ పాదముపైకి శిఖరము వ్రాలినట్లు కనుబొమలు కన్నులపైకి వ్రాలవలెనని పలుకును. ఇం దుపమానోపమేయములు తాఱుమాఱైనవి. రెంటను భయమే ప్రధానము.

ఆ భయము లాటిన్ పదములలో మఱింత స్పష్టము. 'మినేరే' యను క్రియకు ముందునకు వచ్చుట యని యర్థము. దానికిఁ బూర్వోపసర్గములు చేరఁగా 'ఎమినెంట్', 'ప్రామినెంట్', 'ఇమ్మినెంట్' అను మూఁడు పదములు పుట్టినవి. వెలికి లేచినది మొదటిది, ముందునకు వచ్చినది రెండవది, తలపై వ్రాలియున్నది మూఁడవది. ఇట్లు తోఁబుట్టువులలో నొకటి మహానుభావునకు విశేషణమైనది. ఒకటి కంటికిఁ గనఁబడుదానికిఁ జెందినది. ఒకటి రానున్న యాపదకుఁ జిహ్నమైనది. 'మినాయే' యను సజాతీయపదము లాటినున బెదిరింపునకుఁ బేరు. గోడల పైఁ బొడుచుకొనివచ్చు భాగములకును జెల్లును. వర్జిల్ ఎనీడ్ నాల్గవ సర్గమునఁ గార్తేజు గోడల విషయమున దీనిని వాడఁగా, కట్టడమా బెదిరింపా యని వ్యాఖ్యాతలు వాదించుకొనిరి. ఆంగ్లమున 'మెనేస్' అను పద మీ మూలమునుండియే ఫ్రెంచిద్వారమున వచ్చినది. వ్రేలుట యను ధాతువునుండి పుట్టిన 'ఇంపెండింగ్' కూడ నిట్లే వచ్చుచున్న యాపదను దెలుపును.

కావున 'జట్' అనినచో వీథిలోని యిల్లు, 'బీటిల్' అనినచోఁ గోపముతోఁ గూడిన ముఖము, 'ఇమ్మినెంట్' అనినచో నిపుడో యపుడో పడునను శంక వెంట వచ్చును. ఒకదానికి బదులొకటి వాడినచో నర్థము కొంత నిలుచును గాని రూపము చెడును. రోజెట్ గ్రంథము వెలువడిన 1852లోనే చెన్నపురిలో సి. పి. బ్రౌను తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటితమైనది. నాఁటినుండియు రెండు భాషలనడుమ మాటకు మాట వెదకుట పండితులకు నిత్యకృత్యము. 'ఇమ్మినెంట్' అనుదానిని 'ఆసన్నము' అనుట వాడుక. కాని యాసన్న మనఁగా దాపునఁ గూర్చున్నది. తలపై వ్రాలినది గాదు. తెలుఁగువాఁడు తన మాటలో నాపద 'ముంచుకొనివచ్చినది' యనును. రోమకునకు మీఁదినుండి పడనున్నది తెలుఁగువానికి వఱదయై వచ్చుచున్నది. బడిలోఁ బర్యాయపదములు చెప్పునపుడు, ప్రతిపదమునకును దొలుత నది చూపిన వస్తువును జెప్పి, పిమ్మట భావమును జెప్పినచో విద్యార్థి యీ తారతమ్యమును దానై గ్రహింపఁగలఁడు.