క్రెడిట్ అంటే జమా? అప్పా? ఒకే మాటకు ఎన్నో అర్థాలు

'మీ ఖాతాలో 5,000 రూపాయలు క్రెడిట్ అయ్యాయి' అని ఫోన్‌కు మెసేజ్ వస్తే ఎవరికైనా సంతోషమే. డబ్బు వచ్చిందన్నమాట. 'మీకు 50,000 రూపాయల క్రెడిట్ మంజూరైంది' అని ఇంకో మెసేజ్ వస్తే? చాలామంది దాన్ని కూడా అదే సంతోషంతో చదువుతారు. కానీ మొదటిది వచ్చిన సొమ్ము, రెండోది తీర్చాల్సిన అప్పు. మాట ఒకటే, అర్థాలు మాత్రం ఎదురెదురు. ఈ తేడా తెలియకపోతే జేబుకు చిల్లు పడుతుంది. బ్యాంకు, బడి, బజారు, సినిమా, రాజకీయం... ఎక్కడ చూసినా వినిపించే ఈ 'క్రెడిట్'కు ఏ చోట ఏ అర్థమో తెలుసుకుందాం.

మాట ఎక్కడిది?

క్రెడిట్‌కు మూలం లాటిన్‌లోని 'క్రెడెరే'. నమ్మడం అని దాని అర్థం. ఫ్రెంచి, ఇటాలియన్ భాషల మీదుగా ఈ మాట ఇంగ్లిష్‌లోకి చేరింది. మనం వాడే 'శ్రద్ధ' అనే సంస్కృత పదం, లాటిన్ 'క్రెడో' ఒకే మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే అసలు అర్థం డబ్బు కాదు, నమ్మకం. తిరిగి ఇస్తాడని నమ్మి ఇచ్చేదే అప్పు.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట 'పరపతి'. ఊళ్లో ఒకరికి పరపతి ఉందంటే పేరు, పలుకుబడి ఉన్నాయని అర్థం. సహకార పరపతి సంఘం అంటే మాత్రం అప్పులిచ్చే సంఘం. నమ్మకం, అప్పు రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

మన బజారు భాషలో అయితే రెండు వైపులకూ వేర్వేరు మాటలున్నాయి. లోపలికి వచ్చేది జమ. ఇది అరబీ నుంచి ఉర్దూకు, తెలుగుకు వచ్చిన మాట. తర్వాత ఇస్తానని తెచ్చుకునేది అరువు, తెలంగాణలో ఉద్దెర. ఉర్దూలో ఉధార్ అనేది కూడా ఇదే. ఇంకా ఇవ్వాల్సింది బాకీ. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో జమ ఒకవైపు, బాకీ ఒకవైపు ఉంటాయి. 'నేడు నగదు, రేపు అరువు' అని బోర్డు పెట్టిన దుకాణదారుకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లిష్ మాట వచ్చాకే రెండూ కలిసిపోయాయి.

బ్యాంకు పుస్తకంలో క్రెడిట్

పాస్‌బుక్‌లో, స్టేట్‌మెంట్‌లో 'సీఆర్' అని ఉంటే క్రెడిట్, 'డీఆర్' అని ఉంటే డెబిట్. పొదుపు ఖాతాలో క్రెడిట్ అంటే డబ్బు వచ్చింది, డెబిట్ అంటే పోయింది. ఇంతవరకు అందరికీ తెలుసు. మరి అప్పుకు వాడే మాటనే జమకు ఎందుకు వాడతారు?

ఎందుకంటే ఆ లెక్క రాసేది బ్యాంకు. ఖాతాదారు 10,000 రూపాయలు వేస్తే, ఆ సొమ్మును బ్యాంకు ఎప్పుడైనా తిరిగి ఇవ్వాలి. అంటే బ్యాంకుకు ఖాతాదారే అప్పు ఇచ్చినట్టు. అందుకే తన పుస్తకంలో ఖాతాదారు పేరున క్రెడిట్ అని రాసుకుంటుంది. రెండు వైపులా లెక్క రాసే ఈ పద్ధతి ఇటలీ వర్తకులది. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ దీన్ని వివరించాడు. నేటికీ ప్రపంచమంతా ఆ పద్ధతినే వాడుతోంది.

ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. లోన్ ఖాతాలో, ఓవర్‌డ్రాఫ్ట్‌లో నిల్వ పక్కన 'డీఆర్' అని ఉంటే అంత బాకీ ఉన్నట్టు. అదే క్రెడిట్ కార్డు బిల్లులో నిల్వ పక్కన 'సీఆర్' అని ఉంటే, కట్టాల్సిన దానికంటే ఎక్కువ కట్టినట్టు. అది కార్డుదారుకు రావాల్సిన సొమ్ము.

కార్డులో క్రెడిట్

డెబిట్ కార్డుతో కొంటే సొంత ఖాతాలో డబ్బు తగ్గుతుంది. క్రెడిట్ కార్డుతో కొంటే బ్యాంకు డబ్బు ఖర్చవుతుంది. కార్డు మీద 'క్రెడిట్ లిమిట్ లక్ష' అంటే లక్ష రూపాయలు ఉన్నాయని కాదు, లక్ష వరకు అప్పు చేయవచ్చని. గడువులోగా బిల్లు మొత్తం కడితే కొనుగోళ్ల మీద వడ్డీ పడదు. అలా వాడుకున్నంత కాలం కార్డు మేలే చేస్తుంది.

చిక్కు వచ్చేది 'మినిమమ్ డ్యూ' దగ్గర. ఉదాహరణకు బిల్లు 20,000 వచ్చింది, కనీసం 5 శాతం, అంటే 1,000 కడితే చాలని అందులో ఉంది. కట్టేశారు. మిగిలిన 19,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ లెక్కన 665 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సుమారు 120. మొత్తం 785. మరుసటి నెల మళ్లీ వెయ్యి కడితే అసలుకు జమయ్యేది సుమారు 215 రూపాయలే. పైగా పాత బాకీ ఉండగా చేసిన కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. మినిమమ్ కడితే తప్పేది ఆలస్య రుసుము మాత్రమే, వడ్డీ కాదు.

ఈ విషయంలో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు కూడా ఉన్నాయి. అడగకుండా కార్డు పంపకూడదు. అనుమతి లేకుండా లిమిట్ పెంచకూడదు. బాకీలన్నీ తీర్చి కార్డు మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. లేదంటే ఆలస్యమైన ప్రతి రోజుకు 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి.

స్కోర్‌లో క్రెడిట్

'సిబిల్ ఎంత?' అనే ప్రశ్న ఇప్పుడు బైక్ షోరూమ్‌లో కూడా వినిపిస్తుంది. క్రెడిట్ స్కోర్ అంటే ఖాతాలో ఎంత ఉందో చెప్పే అంకె కాదు. తీసుకున్న అప్పు తీర్చిన తీరుకు వేసిన మార్కు. ఇక్కడ క్రెడిట్ మళ్లీ తన పాత అర్థానికి, అంటే నమ్మకానికి వచ్చింది. ఈ స్కోర్ 300 నుంచి 900 వరకు ఉంటుంది. సిబిల్ ఒక సంస్థ పేరు. దేశంలో దానితోపాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఇదే పని చేస్తున్నాయి.

ఎప్పుడూ అప్పు చేయని వ్యక్తికి మంచి స్కోర్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అతనికి స్కోరే ఉండకపోవచ్చు. రికార్డు లేదు కాబట్టి. ఇక బాకీ మొత్తం కట్టలేక బ్యాంకుతో మాట్లాడుకుని కొంత తగ్గించి కట్టినవారి రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. అది 'క్లోజ్డ్'తో సమానం కాదు. తర్వాత ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఆ మాటే అడ్డుపడుతుంది. స్నేహితుడి లోన్‌కు జామీను ఉన్నా సరే, అతను కట్టకపోతే ఆ మచ్చ జామీనుదారు రిపోర్టులోనూ కనిపిస్తుంది.

ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అందులో తీసుకోని లోన్ కనిపించినా, తీర్చిన బాకీ ఇంకా ఉన్నట్టు చూపినా ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది. గల్ఫ్‌లో ఉన్నవారికీ ఈ సంగతి పనికొస్తుంది. ఎమిరేట్స్‌లో అల్ ఇత్తిహాద్ క్రెడిట్ బ్యూరో, సౌదీలో సిమా ఇలాంటి లెక్కలే రాస్తాయి.

పొలంలో, సంఘంలో క్రెడిట్

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో మొదలైంది. పేరులో కార్డు ఉన్నా ఇది బజారు క్రెడిట్ కార్డు లాంటిది కాదు, పంట రుణం. 7 శాతం వడ్డీకి ఇచ్చే స్వల్పకాలిక రుణాన్ని సకాలంలో కడితే కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీతో వడ్డీ 4 శాతానికి దిగుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. దీన్ని ప్రభుత్వ సాయం అనుకుని కట్టకుండా వదిలేస్తే నష్టపోయేది రైతే. 'పీఎం కిసాన్ డబ్బులు క్రెడిట్ అయ్యాయి' అన్నప్పుడు మాత్రం అది తిరిగి ఇవ్వనక్కర్లేని సాయం. రెండింట్లోనూ కిసాన్ ఉంది, క్రెడిట్ ఉంది, అర్థం మాత్రం వేరు.

వ్యాపారంలో క్రెడిట్

జీఎస్టీ కట్టే దుకాణదారులకు తెలిసిన మాట 'ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్'. ఇది అప్పు కాదు, ముందే కట్టిన పన్నుకు దక్కే మినహాయింపు. 10,000 రూపాయల సరుకు కొన్నప్పుడు 18 శాతం లెక్కన 1,800 పన్ను కట్టారు. అదే సరుకును 12,000కు అమ్మితే వసూలు చేసే పన్ను 2,160. ముందు కట్టిన 1,800 పోగా ప్రభుత్వానికి కట్టాల్సింది 360. అయితే సరుకు ఇచ్చినవారు ఆ బిల్లును తమ రిటర్న్‌లో చూపకపోతే ఈ క్రెడిట్ దక్కదు. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారులకు ఇది వర్తించదు.

సరుకు వాపసు ఇస్తే అమ్మినవారు రాసిచ్చేది 'క్రెడిట్ నోట్'. అంటే అంత మొత్తం కొన్నవారికి జమ. విదేశాలకు సరుకు పంపేవారికి ముఖ్యమైంది 'లెటర్ ఆఫ్ క్రెడిట్'. గుంటూరు నుంచి మిర్చి పంపే వ్యాపారికి అవతలి దేశంలోని కొనుగోలుదారు ఎవరో తెలియకపోవచ్చు. షరతుల ప్రకారం కాగితాలు చూపిస్తే డబ్బు ఇస్తానని కొనుగోలుదారు తరఫున బ్యాంకు రాసిచ్చే హామీ ఇది. ఇక్కడ కూడా అసలు సరుకు నమ్మకమే.

డబ్బు లేని చోట క్రెడిట్

కాలేజీలో క్రెడిట్ అంటే చదువుకు కొలత. సాధారణంగా వారానికి ఒక గంట పాఠం ఒక సెమిస్టర్ పాటు ఉంటే అది ఒక క్రెడిట్. వాటిని దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కూడా వచ్చింది. పర్యావరణంలో ఒక కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించినట్టు లెక్క. సినిమా చివర పడే పేర్లూ క్రెడిట్సే. ఇక 'ఆ ఫ్లైఓవర్ క్రెడిట్ మాదే' అని పార్టీలు కొట్లాడుకున్నప్పుడు క్రెడిట్ అంటే ఘనత.

ఏ క్రెడిట్ ఏదో ఎలా తెలుస్తుంది?

డబ్బు విషయంలో ఒక్క ప్రశ్న చాలు. 'ఇది తిరిగి ఇవ్వాలా?' అవసరం లేదంటే జమ, ఇవ్వాలంటే అప్పు. 'ప్రీ అప్రూవ్డ్ క్రెడిట్', 'ఇన్‌స్టంట్ క్రెడిట్', 'క్రెడిట్ లైన్' అని యాప్‌లో కనిపించేవన్నీ అప్పులే. అలాంటి చోట నొక్కేముందు ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో తెలిపే కాగితం చూడాలి. డిజిటల్ లోన్ ఇచ్చేవారు దాన్ని తప్పనిసరిగా చూపాలి. వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి కొంత గడువు కూడా ఇవ్వాలి.

మోసగాళ్లు వాడుకునేదీ ఈ మాటనే. 'పొరపాటున మీకు 10,000 క్రెడిట్ అయింది, తిరిగి పంపండి' అని ఫోన్ వస్తే, మెసేజ్‌ను నమ్మకుండా ఖాతా తెరిచి నిల్వ చూడాలి. బ్యాంకు పేరుతో దొంగ మెసేజ్ పంపడం కష్టమేమీ కాదు. 'డబ్బు క్రెడిట్ కావాలంటే పిన్ కొట్టండి' అంటే అది కచ్చితంగా మోసమే. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి. పొరపాటున సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

కొట్టు ఖాతాలో జమ ఏదో, బాకీ ఏదో అడగకుండా ఎవరూ సంతకం పెట్టరు. ఫోన్‌లో కనిపించే క్రెడిట్‌ను కూడా అలాగే అడిగి, చూసి, ఆ తర్వాతే ఒప్పుకోవాలి.