సెటిల్మెంట్: ధర్మపురి చెప్పే అర్థం

‘సెటిల్మెంట్’ అంటే స్థిరనివాసం, తగవు పరిష్కారం, బాకీ తీర్మానం. తమిళనాట ఆస్తిని అయినవారికి రాసి ఇచ్చే పత్రం పేరు కూడా అదే. అయితే మన ధర్మపురి చరిత్రలో ఆ మాటకు మరో అర్థం ఉంది.

1792లో శ్రీరంగపట్టణం సంధితో బారామహల్ టిప్పు సుల్తాను నుండి కంపెనీ వశమైంది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఇక్కడ పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించారు. ఆ శిస్తు నిర్ణయమే ‘సెటిల్మెంట్’. రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైతువారీ పద్ధతి ఇలా రూపుదిద్దుకుంది. 1800 తరువాత మన్రో దానిని కడప, బళ్ళారి సీమలకు విస్తరింపజేశాడు.

చరిత్ర పాఠంలో ఈ మాటకు ‘నివాసం’ అని అర్థం చెబితే, మన పూర్వుల పొలం, వారు మోసిన శిస్తు రెండూ పిల్లలకు కనబడకుండా పోతాయి. కావున ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పదానికి ముందు సందర్భాన్ని బోధించాలి.