డైనమిక్ ద్విమితీయ అర్రే

ప్రోగ్రాము నడుస్తుండగా కొలతలు నిర్ణయమై, అవసరాన్ని బట్టి మారగల అడ్డు, నిలువు వరుసల పట్టికను డైనమిక్ ద్విమితీయ అర్రే అంటారు. మెమరీకి నిజానికి అడ్డూ నిలువూ లేవు. అది ఒకే బారుగా సాగే గడుల వరుస. పట్టికను ఆ బారులో ఎలా పేర్చాలి, అది పెరిగితే ఏం చేయాలి అన్న ప్రశ్నల చుట్టూనే దీని చరిత్ర నడిచింది.

1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్‌లో కొలతలను ముందుగానే అంకెల్లో రాయాలి. ఆల్గాల్ 60 ఈ కట్టును సడలించింది. బ్లాకులోకి ప్రవేశించేటప్పుడు లెక్కగట్టిన విలువలనే హద్దులుగా తీసుకుంది. అయితే ఆ బ్లాకు ముగిసేదాకా అవి మారవు. జాన్ ఇలిఫ్ పేరు మీద ప్రసిద్ధమైన ఇలిఫ్ వెక్టర్‌ది మరో దారి. అందులో ఒక్కో అడ్డు వరుస మెమరీలో ఎక్కడైనా ఉండవచ్చు, వాటి చిరునామాల జాబితా విడిగా ఉంటుంది. చిరునామాను దాచే చరరాశిని సీ భాషలో పాయింటరు అంటారు; సీ ప్రోగ్రామర్లు పాయింటరుకు పాయింటరుగా వాడేది ఈ పద్ధతినే.

డేటానూ దానిపై జరిగే పనులనూ ఒకే ఆబ్జెక్టులో ఉంచే ఆలోచన నార్వేలో డాల్, నైగార్డ్ రూపొందించిన సిములా 67తో వచ్చింది. స్ట్రౌస్ట్రుప్ 1979లో మొదలుపెట్టిన సీ ప్లస్ ప్లస్ దాన్ని సీ పాయింటర్లతో కలిపింది. చిక్కులూ అక్కడే వచ్చాయి. వరుసల పాయింటర్లున్న క్లాసుకు, అంటే ఆబ్జెక్టుల నమూనాకు, కాపీ చేసే తీరును మనమే రాయకపోతే, కంపైలర్ చిరునామాలను మాత్రమే కాపీ చేస్తుంది. అప్పుడు రెండు ఆబ్జెక్టులకూ ఒకే పట్టిక మిగులుతుంది. మొదటిది పోతూ మెమరీని విడుదల చేస్తుంది, రెండోది అదే మెమరీని మళ్లీ విడుదల చేయబోయి ప్రోగ్రామును కూల్చేస్తుంది. వరుసలకు ఒక్కొక్కటిగా మెమరీ తీసుకుంటుండగా ఐదో వరుసకు చోటు దొరక్కపోతే, అప్పటికే తీసుకున్న నాలుగు వరుసలను వెనక్కివ్వడమూ ప్రోగ్రామరు పనే.

స్టెపనోవ్ రూపొందించిన లైబ్రరీ ద్వారా సీ ప్లస్ ప్లస్ 1998 ప్రమాణంలో చేరిన, మెమరీని తానే చూసుకునే వెక్టర్ ఈ భారాన్ని చాలావరకు తీర్చింది. వెక్టర్ల వెక్టర్ వాడుక పెరిగింది. కానీ అందులో వరుసల పొడవులు ఒకదానికొకటి తప్పిపోయినా ఆపేవారు లేరు. పట్టిక మొత్తాన్ని ఒకే వెక్టర్‌లో పెట్టి, వరుసల లెక్కను క్లాసు చేతికివ్వడమే మేలైన పద్ధతి. అడ్డు వరుస సంఖ్యను నిలువు వరుసల మొత్తంతో హెచ్చించి, నిలువు వరుస సంఖ్యను కూడితే కావలసిన గడి దొరుకుతుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది.

పెంచేటప్పుడు మాత్రం రెండు దిక్కులూ సమానం కావు. మూడు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసల పట్టికకు అడ్డు వరుస చేర్చాలంటే చివర నాలుగు గడులు కలిపితే చాలు. నిలువు వరుస చేర్చితే 4వ గడి దగ్గర మొదలయ్యే రెండో వరుస 5కు, 8 దగ్గరి మూడో వరుస 10కి జరగాలి. విజువల్ బేసిక్‌లో పాత విలువలు పోకుండా కొలత మార్చే ఆదేశం చివరి కొలతను మాత్రమే మార్చనిస్తుంది. నేర్చుకునేవారికి అర్థం లేని ఆంక్షలా తోచినా, నిలువు వరుసలను ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చే పాత విజువల్ బేసిక్ విషయంలో దాని వెనకా బారు తోకనే పెంచగలమన్న ఈ లెక్కే ఉంది.

జావా అర్రేల అర్రేనే నమ్ముకుంది. సీ షార్ప్ దానితోపాటు దీర్ఘచతురస్రాకార అర్రేనూ ఇచ్చింది. సీ ప్లస్ ప్లస్‌లో చతురస్ర బ్రాకెట్లలో రెండు సూచికలు ఒకేసారి రాసే వీలు సీ ప్లస్ ప్లస్ 23 ప్రమాణంతో గానీ రాలేదు. దానితోపాటే వచ్చిన ఎండీస్పాన్ పట్టికను చూపుతుందే తప్ప మెమరీని సొంతం చేసుకోదు, పెంచదు. ఆ పనికి ఇప్పటికీ క్లాసు కావాల్సిందే.