భీమిలి రేవు – మన పోర్టు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు మా ఊరు భీమునిపట్నం గుర్తుకొచ్చింది. విశాఖకు ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్లలో, అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఉన్నది. వెనుక పావురాళ్ళకొండ, దానిమీద బౌద్ధుల నాటి శిథిలాలు, నరసింహస్వామి ఆలయం.

17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1824 నాటి ఒడంబడిక ప్రకారం మరుసటి ఏడు ఊరు ఆంగ్లేయుల పరమైంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది.

రేవు అంటే మన పోర్టులా గోడలు, క్రేనులు ఉండేవి కావు. ఓడలు దూరాన లంగరు వేస్తే పడవల మీద సరుకు చేరవేసేవారు. మన గోగునార ఈ ఊరి పేరుతోనే, 'బిమిలీ జనుము'గా విదేశాలలో పేరు పొందింది. మా తాతగారు ఆ పడవల లెక్కలు వ్రాసే గుమాస్తా.

1890లలో మద్రాసు–కలకత్తా రైలు మార్గం విజయనగరం మీదుగా వెళ్ళింది. భీమిలికి రైలు రాలేదు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' విశాఖ హార్బరులో ప్రవేశించింది. ఓడ గట్టునే ఆగి, సరుకు నేరుగా రైలెక్కే సదుపాయం ఉండగా ఎవరు పడవల్లో మోయిస్తారు? మా రేవు క్రమంగా చిక్కిపోయింది.

1972లో నాకు పోర్టు ట్రాఫిక్ విభాగంలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే తాతగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా రేవుని మింగినోళ్ళ ఉప్పే తినబోతున్నావురా! సరే, తిను. లెక్క మాత్రం తప్పు రాయకు" అన్నారు. 36 ఏళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాననే అనుకుంటున్నాను.

ఇప్పుడు భీమిలి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఈ సెలవులకు మనవలు వస్తే బీచికి తీసుకువెళ్ళి ఊరుకోకండి. డచ్చివారి సమాధులు, గోస్తనీ సంగమం చూపించి, మన పోర్టు కంటే ముందు ఇక్కడొక రేవు బ్రతికిందని చెప్పండి. మన పెన్షనులో దాని వాటా కూడా కొంత ఉన్నదని నా నమ్మకం.