బంగారము లేని బంగారు మందు

ఇంటిలో ఒకరు త్రాగుడునకో మాదకద్రవ్యమునకో బానిస అయినప్పుడు ఆ యింటివారందరును దానికి కప్పము చెల్లింపవలసి వచ్చును. ముందు నగలు తాకట్టునకు పోవును, తరువాత పొలము పోవును, పిల్లల చదువు నిలిచిపోవును. ఇరుగుపొరుగుల యెదుట మాటాడుటకు నోరు రాదు. అట్టి యింటి గుమ్మములోనికి ఎవరో వచ్చి, “నాలుగు వారములలో మాన్పించెదము, పూచీ మాది” అని పలికినచో నమ్మకుండుట ఎవరి తరము? మునిగిపోవువానికి గడ్డిపోచయు ఆధారముగనే కనుపించును. అయితే ఆ గడ్డిపోచలకు వెలకట్టి విక్రయించిన వారికిని ఒక చరిత్ర కలదు. దాని నెఱిగినవారు నేడు చికిత్సాలయపు తలుపు తట్టునప్పుడు ఏమి అడుగవలెనో తామే తెలిసికొందురను తలంపుతో ఇచ్చట ముచ్చటించుచున్నాము.

అమెరికా దేశమున ఇలినాయ్ రాష్ట్రములో, చికాగో నగరమునకు నైరుతి దిశగా, రైలుమార్గముపై డ్వైట్ అను చిన్న పట్టణము కలదు. అంతర్యుద్ధములో ఉత్తరాది సైన్యమునకు వైద్యుడుగా పనిచేసిన లెస్లీ కీలీ అచ్చట స్థిరపడి, 1879లో ఒక ప్రకటన చేసెను. త్రాగుబోతుతనము రోగమనియు, దానిని తాను కుదుర్చగలననియు ఆ ప్రకటన సారాంశము. ఇందు మొదటి మాట ఆ కాలమునకు సాహసమైనది. త్రాగువానిని పాపి యనియు, చేతగానివాడనియు లోకము ఈసడించుచున్న దినములవి. రెండవ మాటకు మాత్రము ఆధారము కావలసియుండెను. ఆధారమునకు బదులుగా ఆయన ఒక పేరు చూపెను. ఆ పేరు ‘డబుల్ క్లోరైడ్ ఆఫ్ గోల్డ్’. బంగారముతో చేసిన మందు అనగానే జనులకు గురి కుదిరెను.

చికిత్సకు వ్యవధి నాలుగు వారములు. రోగులు దినమునకు నాలుగు పర్యాయములు వరుసలో నిలిచి చేతికి సూదిమందు వేయించుకొనెడివారు. నియమిత వేళలలో సీసాలోని అరకు పుచ్చుకొనెడివారు. తలుపులకు తాళములు లేవు, కాపలావారు లేరు. వచ్చినవారు హోటళ్లలోను గృహస్థుల యిండ్లలోను బసచేసి, ఊరిలో స్వేచ్ఛగా తిరిగెడివారు. 1891లో ‘చికాగో ట్రిబ్యూన్’ పత్రికాధిపతి జోసెఫ్ మెడిల్ కీలీ మాటలను పరీక్షింపదలచి కొందరు త్రాగుబోతులను డ్వైట్‌నకు పంపెను. వారు మారిన మనుష్యులై తిరిగివచ్చిరని తెలిసి ఆ పత్రిక ఎంతయు ప్రశంసించెను. దానితో ఆ కుగ్రామము పేరు దేశమంతట మారుమ్రోగెను. కొలది యేండ్లలోనే కీలీ సంస్థ శాఖలు నూటికి మించెను. సముద్రము దాటి లండనులోను ఒకటి వెలసెను.

మెడిల్ అబద్ధమాడలేదు. తాను చూచినదే వ్రాసెను. కాని నాలుగు వారములు మద్యము లేక, వేళకు తిని, వేళకు నిద్రించిన మనుష్యుడు తేటగా కనుపించుట వింత కాదు. రెండేండ్ల తరువాత వాడెట్లున్నాడో చూచి వ్రాసిన వార్త కాదది. వ్యసన చికిత్స పేరిట జరిగిన మోసములలో చాలవఱకు ఈ రెంటి నడుమనున్న వ్యవధిలోనే దాగినవి.

మందులో నున్నదేమో కీలీ తోడి వైద్యులకు తెలుపలేదు. రసాయన శాస్త్రజ్ఞులు సీసాలు తెప్పించి పరిశీలించిరి. ఒకరికి సారాయము, ఒకరికి స్ట్రిక్నీన్, ఇంకొకరికి ఆట్రోపీన్ కనుపించెను. బంగారము జాడ మాత్రము పలువురికి చిక్కలేదు. నూటికి 95 మందికి నయమగుచున్నదని కీలీ చెప్పెడివాడు. మరల త్రాగినవారి మాట ఏమని యడిగినచో, రోగము కుదిరినదే, వాడు కోరి త్రాగుచున్నాడని సమాధానము వచ్చెడిది. ఇట్టి లెక్కలో వైద్యునకు ఓటమి యన్నది లేదు. ఓడువాడు ఎప్పుడును రోగియే. కీలీ 1900లో గతించెను. డ్వైట్‌లోని సంస్థ మాత్రము 1960ల వఱకు నడచినది.

అయినను కీలీని కేవలము వంచకుడని త్రోసివేయుట న్యాయము కాదు. అచ్చట రోగిని ఎవరును తిట్టలేదు, కొట్టలేదు. ఒకే బాధ పడినవారు ఒకరికొకరు ధైర్యము చెప్పుకొనిరి. 1891లో వారే ఒక సంఘము పెట్టుకొనిరి. పలువురు నిజముగనే బాగుపడిరి. వారిని బాగుచేసినది సీసాలోని రహస్యము గాక, ఆ ఆదరణయు ఆ తోడును కావచ్చును. వెలకట్టి అమ్మినది ఒకటి, పనిచేసినది మఱియొకటి.

కీలీకి ముందును వెనుకను వచ్చినవారిలో ఈపాటి సుగుణమును లేనివారు పెక్కుమంది. ఇండియానా రాష్ట్రములో సామ్యూల్ కాలిన్స్ అనునతడు 1860ల చివర నల్లమందు అలవాటునకు ‘బాధలేని విరుగుడు’ అమ్మ మొదలిడెను. పరీక్షించి చూడగా అందున్నది మార్ఫీనే! నల్లమందు సారమునే నల్లమందునకు విరుగుడని అమ్మినచో కొన్నవానికి బాధ ఎట్లుండును? మందు మానిననాడు గదా బాధ! మఱికొందరు భర్తలకు తెలియకుండ కాఫీలో కలుపుడని భార్యలకు తపాలాలో పొడులు పంపిరి. సిన్సినాటి నుండి వచ్చు అట్టి పొడి నొకదానిని అమెరికా వైద్యసంఘమువారు పరీక్షింపగా పాలచక్కెర, మిరప, కొంచెము ఇపికాక్ తేలినవి. 1905లో సామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ ‘కాలియర్స్’ పత్రికలో ఈ రహస్య ఔషధముల గుట్టు వరుసగా బయటపెట్టెను. మరుసటి యేడు, 1906లో, మద్యము, మార్ఫీన్, కొకైన్ వంటివి మందులో నున్నచో సీసాపై ముద్రింపవలెనని శాసనము వచ్చెను.

సీసాపై చీటీ వచ్చినది గాని, నోటిమాటకు చీటీ ఎవరు వేయగలరు? చార్లెస్ టౌన్స్ వైద్యుడు కాడు. పూర్వము బీమా వ్యాపారి. ఆయన 1901లో న్యూయార్కులో వైద్యశాల తెరచెను. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్‌నకు వైద్యుడైన అలెగ్జాండర్ లాంబర్ట్ ఆ పద్ధతిని 1909లో వైద్యపత్రికలో మెచ్చుకొనెను. టౌన్స్ లెక్క ప్రకారము నూటికి తొంబదిమంది కుదిరిరి. తిరిగి చికిత్సకు రానివారందరును కుదిరినవారే యనునది ఆ లెక్కలోని కీలకము! రానివారిలో చనిపోయినవారు, చేతిలో పైకము లేనివారు, విసిగి వేఱొకచోటికి పోయినవారు ఎందరో అడుగువారు లేరు. కాలక్రమమున లాంబర్టే ఆ పద్ధతికి దూరమయ్యెను. విచిత్ర మేమనగా, ఆ వైద్యశాలలోనే 1934లో చికిత్స పొందిన బిల్ విల్సన్, మరుసటి యేడు మఱియొకనితో కలిసి ‘ఆల్కహాలిక్స్ ఎనానిమస్’ అను సంఘమును ఆరంభించెను. దానిలో చేరుటకు రుసుము లేదు. భారతదేశములో 1957 నుండి ఆ సంఘము పనిచేయుచున్నది.

కాలము మారినను కపటము చావలేదు. రోగిని పంపినవారికి తలకింత అని దళారీ సొమ్ము ముట్టజెప్పు చికిత్సా గృహములు అమెరికాలో పెరుగగా, దానిని నేరముగ నిర్ణయించుచు 2018లో కేంద్ర శాసనము చేయవలసివచ్చెను.

కొంతకాలము క్రిందట మాకు ఒక తల్లి యుత్తరము వచ్చినది. అరయెకరము అమ్మి కుమారుని ఒక ‘డీఅడిక్షన్ సెంటరు’లో చేర్చినదట. మూడు నెలలు చూడనీయలేదు, ఫోనులో మాటాడనీయలేదు. తిరిగివచ్చిన వారములోనే మరల త్రాగెను. “నా పెంపకములోనే లోపమున్నదేమో” అని ఆమె వ్రాసినది. అమ్మా, లోపము మీది కాదు. మీకు చెప్పిన లెక్క కీలీ నాటిదే.

మన దేశములో 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ శాసనము మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులకును వర్తించును. దాని ప్రకారము ఇట్టి రోగులను చేర్చుకొను సంస్థ ప్రభుత్వ ప్రాధికార సంస్థయొద్ద నమోదు కావలెను. రోగిని గొలుసులతో కట్టరాదు. బయటివారితో మాటాడు హక్కు రోగికి కలదు. కావున మొదటి ప్రశ్న: నమోదు పత్రము చూపుదురా? రెండవది: వైద్యుడెవరు, రాత్రివేళ ఎవరుందురు? ఇది మర్యాదకు అడుగు ప్రశ్న కాదు. చిరకాలము త్రాగినవాడు హఠాత్తుగ మానినచో మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. మూడవది: ఇచ్చు మందు పేరేమి? పేరు చెప్పని మందును, రోగికి తెలియకుండ కలుపు మందును వలదనుడు. మద్యము పడకుండ చేయు డైసల్ఫిరామ్ వంటివి తెలియకుండ పెట్టినచో ప్రమాదకరము. నాలుగవది: ఇంటికి వచ్చిన తరువాత ఎన్ని నెలలు చూచెదరు? వ్యసనము మధుమేహమువలె దీర్ఘకాలికమైనది, తిరుగబెట్టుట కలదు. నల్లమందు జాతి మాదకద్రవ్యమునకు అలవడినవాడు కొన్నాళ్లు మాని పూర్వపు మోతాదునే మరల పుచ్చుకొన్నచో ప్రాణము పోవచ్చును. అందుచేత అసలు పని ఇల్లు చేరిన తరువాతనే ఆరంభమగును.

నూటికి నూరు హామీ ఇచ్చువారిని, రుసుమంతయు ముందే కట్టుమనువారిని, అడుగకుండనే ఫోను చేసి పిలుచువారిని కొంచెము దూరముగనే ఉంచుడు. సలహాకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను 14446 కలదు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు.

త్రాగువాడు రోగి యని చెప్పిన కీలీ మాట నిలిచినది; ఆయన సీసా నిలువలేదు. రోగిని మనిషిగ చూచు చోటు, అడిగిన ప్రశ్నకు విసుగుకొనక బదులు చెప్పు చోటు, నయమగునని గాక ప్రయత్నింతుమని చెప్పు చోటు దొరికినచో అచ్చటికి తీసికొని పొండు. ఆ మాటలో మెఱుపుండదు. కాని, నిజాయితీగల వైద్యుడు ఇయ్యగలిగినది ఆ మాటయే.