ఎడారి నడుమ పూటకూళ్లిల్లు

అర్ధరాత్రి కావస్తోంది. డమాస్కస్‌లో బయల్దేరిన ఆరు చక్రాల బస్సు ఆగకుండా తూర్పుకే పరుగు తీస్తోంది. దారి అనేది లేదు. ముందు వెళ్లిన బండ్ల చక్రాల జాడలే దారి. కిటికీలోంచి చూస్తే ఊరు లేదు, చెట్టు లేదు, ఎటు చూసినా చీకటే. లోపల కూర్చున్నవాళ్లకు కుదుపులకు ఒళ్లు హూనమైంది. మాట్లాడే ఓపిక కూడా పోయింది.

ఉన్నట్టుండి దూరంగా ఒక మిణుకు కనిపించింది. దగ్గరికి పోయేకొద్దీ ఆ మిణుకు వెనక ఒక గోడ లేచింది. అది కోట గోడ. పెద్ద తలుపులు గడియ తీసిన చప్పుడుతో తెరుచుకున్నాయి. గుమ్మంలో తుపాకులు ఎక్కుపెట్టిన కాపలావాళ్లు నిలబడి ఉన్నారు. ప్రయాణికుల వేషంలో దోపిడీ దొంగలు వచ్చే రోజులవి. ఒక్కొక్కరి ముఖం పరికించి చూశాకే లోపలికి పంపారు. అందరూ రాగానే తలుపులు మళ్లీ మూతపడ్డాయి. గదుల్లో మంచాలున్నాయి. ఆడవాళ్లు గదికి ఐదారుగురు సర్దుకున్నారు. నడుం వాల్చడానికి దొరికింది మూడు గంటలు. తెల్లవారకముందే మళ్లీ ప్రయాణం.

ఆ రాత్రి ఆ గదిలో పడుకున్న వారిలో ఒకావిడకు ముప్పై ఎనిమిదేళ్లు. భర్తతో విడాకులైన ఏడాది అది. వెస్టిండీస్ వెళ్లడానికి తీసుకున్న టికెట్టును రద్దు చేసుకుని, బాగ్దాద్ గురించి ఎవరో విందులో చెప్పిన కబుర్లకు మనసుపడి ఒంటరిగా బయల్దేరింది. పేరు అగాథా క్రిస్టీ, డిటెక్టివ్ నవలల రచయిత్రి. సంవత్సరం 1928. ఈ రాత్రి ముచ్చటను ఆమె తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఆ కోట పేరు రుత్బా. డమాస్కస్‌కూ బాగ్దాద్‌కూ నడుమ సుమారు 800 కిలోమీటర్ల ఎడారిలో, ఇంచుమించు సగం దారిలో ఉంటుంది. కరెంటు తీగ రాని చోట, కూరగాయల అంగడి లేని చోట, పిలిస్తే పలికే పొరుగువాడు లేని చోట ఏళ్ల తరబడి బాటసారులకు తిండి, మంచం, వేణ్నీళ్లు అందించిన విడిది అది.

తాండూరు, వికారాబాద్ వాళ్లకు దాని కథ ఎందుకూ అనుకోవద్దు. లండన్‌లో వేసిన ఉత్తరం మన ప్రాంతానికి చేరే దారి ఒకప్పుడు ఈ రెండు స్టేషన్ల మీదుగానే ఉండేది. పీ అండ్ ఓ కంపెనీ ఓడలో బొంబాయి, అక్కడి నుంచి రైల్లో వాడి జంక్షన్. వాడి నుంచి 1874లో నిజాం వేయించిన లైను మీద తాండూరు, వికారాబాద్ దాటి హైదరాబాద్. సముద్రం మీదే వారాలు గడిచేవి. ఆ వారాలను రోజులకు కుదించిన ఆకాశమార్గానికి ఎడారిలో ఊపిరి పోసినవాటిలో రుత్బా ఒకటి.

కథ మొదలైంది ఇద్దరు అన్నదమ్ములతో. నార్మన్ నెయిర్న్, జెరాల్డ్ నెయిర్న్. న్యూజీలాండ్ వాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా రంగంలో పనిచేసి, యుద్ధం ముగిశాక అక్కడే కార్ల వ్యాపారం పెట్టుకున్నారు. అప్పట్లో డమాస్కస్ నుంచి బాగ్దాద్‌కు ఒంటెల మీద వెళ్తే వారాలు పట్టేది. మహమ్మద్ ఇబ్న్ బస్సాం అనే డమాస్కస్ వర్తకుడికి మాత్రం కార్లు పోగల దారి తెలుసు. ఎడారి మీదుగా బంగారం దొంగచాటుగా దాటించిన మనిషి కదా! అతని తోడ్పాటుతో 1923 ఏప్రిల్‌లో మూడు కార్లు బయల్దేరి బాగ్దాద్ చేరాయి. అదే ఏడాది అక్టోబరులో టపా తీసుకెళ్లే సర్వీసు మొదలైంది. క్రిస్టీ ఎక్కిన బస్సు ఈ అన్నదమ్ములదే.

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు మెదులుతాయి. ఆ ఎడారి అలాంటిది కాదు. తాండూరు నాపరాయి గనుల పక్కన రాతి ముక్కలు పరుచుకున్న నేల చూశారు కదా, అలాంటి గట్టి గులకనేల మైళ్ల కొద్దీ సాగుతుంది. ఎండాకాలం కారు బాణంలా దూసుకుపోతుంది. వానపడితే మాత్రం పల్లపు నేలలు బురదై, చక్రం కదలదు. అలా దిగబడిన బండి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ఎదురుచూసి అన్నం పెట్టేవాళ్లు కావాలి. ఆ చోటు ఎక్కడుండాలన్నది మనిషి నిర్ణయించలేదు, నీళ్లు నిర్ణయించాయి. వాదీ హౌరాన్ అనే పెద్ద ఎండువాగులో రుత్బా దగ్గర బావులున్నాయి. తరతరాలుగా బదూ జాతుల ఒంటెలు తాగిన నీళ్లవి. వాటి పక్కనే 1926, 27లలో ఇరాక్ ప్రభుత్వం కోట కట్టించింది. నాలుగు గోడల నడుమ పోలీసు ఠాణా, వైర్‌లెస్, టపా, వాటితోపాటు ప్రయాణికుల విడిది.

విడిది నడపడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. బాగ్దాద్ ఇటు దాదాపు 400 కిలోమీటర్లు, డమాస్కస్ అటు అంతకు కొంచెం అటూ ఇటూ. గుడ్డు దగ్గర్నుంచి గోధుమపిండి దాకా, దీపం నూనె దగ్గర్నుంచి పక్కదుప్పటి దాకా ఏది కావాలన్నా ఈ రెండు పట్నాల నుంచే రావాలి. ఒకటి మరిచిపోతే తర్వాతి బండి వచ్చేదాకా అది లేకుండానే గడపాలి. ఎంతమంది వస్తారో, ఏ జాములో వస్తారో తెలియదు. పన్నెండు మందికి వండి కూర్చుంటే ఇసుక తుఫానుకు ఒక్కరూ రాకపోవచ్చు. ఎవరూ రారని పొయ్యి ఆర్పిన రాత్రే రెండు బండ్లు కలిసి రావచ్చు. డబ్బా తిండికి అలాంటి విడిదిలో ఎంత విలువో దీన్నిబట్టి తెలుస్తుంది. పాడవని తిండి ఉంటేనే ఎప్పుడొచ్చిన అతిథికైనా విస్తరి వేయగలం.

ఇంత కష్టంలోనూ వాళ్లు అతిథిని ఎలా చూశారో చెప్పడానికి ఇంకో ప్రయాణికురాలి సాక్ష్యం ఉంది. యాత్రా రచయిత్రి ఫ్రేయా స్టార్క్ తన బాగ్దాద్ వ్యాసాల్లో రుత్బాను అల్లావుద్దీన్ కథలో దీపం రుద్దితే లేచిన భవనంతో పోల్చారు. పడుకోవడానికి మంచాలు, అడక్కముందే వేణ్నీళ్లు తెచ్చే పనివాళ్లు, బల్ల మీద సాల్మన్ చేపతో చేసిన వంటకం, గోడల మీద ఇంగ్లీషు హోటల్లో ఉండేలాంటి నోటీసులు. ఎటు చూసినా రెండు వందల మైళ్ల దాకా ఏమీ లేని చోట ఇదంతా ఎలా వచ్చిందని ఆమె ఆశ్చర్యపోయారు. నన్ను కదిలించింది మాత్రం ఆ వేణ్నీళ్ల సంగతి. వంటచెరకు దొరకని నేలలో, బావి నుంచి తోడిన నీళ్లను, అతిథి నోరు తెరవకముందే కాచి తెచ్చారంటే ఆ పని చేసినవాడికి దారి బడలిక ఏమిటో తెలిసి ఉండాలి.

ఇక ఆకాశం సంగతి. కైరో, బాగ్దాద్‌ల మధ్య బ్రిటిష్ వైమానిక దళం 1921 నుంచే టపా మోసేది. పైలట్లు దారి తప్పకుండా ఎడారి నేల మీద మైళ్ల పొడవునా చాలు దున్నించారు. పైనుంచి ఆ గీత చూసుకుంటూ ఎగరాలి. 1927లో ఆ పని ఇంపీరియల్ ఎయిర్‌వేస్ చేతికి వచ్చింది. 1929 మార్చి 30న లండన్ దగ్గరి క్రాయిడన్ నుంచి కరాచీకి టపా, ప్రయాణికుల సర్వీసు మొదలైంది. నడుమ కొంత దూరం రైలు, కొంత సముద్ర విమానం, మొత్తం వారం రోజుల ప్రయాణం. 1931 తర్వాత హానిబల్ రకం పెద్ద విమానాలు వచ్చాయి. రెండేసి రెక్కలు, నాలుగు ఇంజన్లు, గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం. అవి రుత్బా కోట పక్కన నేల మీద దిగేవి. పెట్రోలు పోసేలోగా ప్రయాణికులు కోట లోపలికి నడిచి ఫలహారం చేసి వచ్చేవారు. రాత్రి బస్సు అతిథులకు మంచాలు సర్దిన ఆ చేతులకే పగటి విమానం అతిథులకు బల్లలు సర్దే పని కూడా పడి ఉంటుంది.

ఆ విమానాల్లోని టపా సంచులు కరాచీలో దిగేవి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా వాటిని చిన్న పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి తెచ్చారు. అహ్మదాబాద్‌లో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. తర్వాతి ఏళ్లలో ఆ దారి హైదరాబాద్‌ను కలుపుకుంది. అలా మన వాళ్ల ఉత్తరాలు రుత్బా బావుల పక్కన కాసేపు ఆగి వచ్చేవి.

వికారాబాద్‌కు పేరిచ్చిన నవాబు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా కూడా తర్వాత నిజాం అతిథి గృహమే అయింది. దాని పాలరాతి మెట్ల గురించి రాసినవాళ్లు ఎందరో. రుత్బా గురించి రాసినవాళ్లు తక్కువ. అక్కడికి మనిషి వైభవం చూడటానికి కాక ప్రాణం కుదుటపరచుకోవడానికి వెళ్లేవాడు. ఆతిథ్యం విలువ తూచాల్సి వస్తే నేను రుత్బా వైపే నిలబడతాను.

ఆ కోట యుద్ధాన్నీ చూసింది. 1941 మే మొదట్లో ఇరాక్‌లో బ్రిటిష్ వారిపై తిరుగుబాటు రేగినప్పుడు కోటలోని పోలీసులు తిరుగుబాటుదారుల పక్షం చేరారు. బ్రిటిష్ అధికారి గ్లబ్ పాషా నడిపిన అరబ్ లీజియన్ సేన చుట్టుముట్టింది, బ్రిటిష్ బ్లెన్‌హీమ్ విమానాలు బాంబులు వేశాయి. బాటసారులు నిద్రపోయిన గోడలు గుళ్ల దెబ్బలు తిన్నాయి. మే 10 రాత్రి లోపలివాళ్లు కోట విడిచి వెళ్లిపోయారు.

మూడేళ్లకు, 1944లో, క్రిస్టీ మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో ఒక నవల అచ్చు వేయించారు. పేరు 'ఆబ్సెంట్ ఇన్ ద స్ప్రింగ్'. మూడే రోజుల్లో రాశానని ఆమె చెప్పుకున్నారు. బాగ్దాద్ నుంచి ఇంటికి పోతున్న ఒక ఇంగ్లీషు ఇల్లాలు, వానలకు రైలు ఆగిపోయి, ఎడారిలో ఒంటరి విడిదిలో రోజుల తరబడి చిక్కుకుపోతుంది. మాట్లాడటానికి మనిషి లేక తన జీవితాన్ని తానే తవ్వి చూసుకుంటుంది. ఆ విడిది నడిపేవాడు ఒక భారతీయుడు. పూటపూటకూ ఆమ్లెట్, డబ్బా పళ్లు పెట్టి, రైలు రాలేదని ఓపికగా చెబుతుంటాడు. ఇంత పెద్ద కథానాయికకు అన్నం పెట్టిన మనిషిని రచయిత్రి భారతీయుడనే పిలిచి సరిపెట్టారు. పేరు ఉండాల్సింది.

నెయిర్న్ బస్సులు 1950ల చివరికల్లా ఆగిపోయాయి. రుత్బా ఇప్పుడు ఇరాక్‌లోని అన్బార్ రాష్ట్రంలో ఒక పట్టణం. 2014లో ఐసిస్ చేతిలో పడి, 2016 మేలో విముక్తమైంది.

తాండూరు, వికారాబాద్ పాత ఇళ్లలో, ముఖ్యంగా రైల్వే, టపా, మిషన్ ఉద్యోగుల కుటుంబాల్లో, తాతల నాటి ట్రంకు పెట్టెలు ఇంకా ఉన్నాయి. వాటిలో 1930ల నాటి ఎయిర్ మెయిల్ కవర్లు కనిపిస్తే దయచేసి పారేయకండి, తపాలా బిళ్లల కోసం చింపకండి. వెనక్కి తిప్పి ముద్రలు చూడండి. కరాచీ ముద్ర ఉంటే ఆ కవరు ఆ ఎడారి కోట మీదుగా వచ్చి ఉండొచ్చు. తేదీ రాసిపెట్టుకుని, కవరును భద్రంగా దాచి, ఇంట్లో పిల్లలకు చూపించండి.