ముక్కుతో మొదలైన విద్య

ప్లాస్టిక్ సర్జరీ అనగానే చాలామందికి సినిమా తారలు గుర్తొస్తారు. నిజానికి శిక్ష వల్లో పగవాడి కక్ష వల్లో ముక్కు కోల్పోయి, నలుగురిలో తలెత్తుకోలేకపోయిన మనిషి కోసం పుట్టిన విద్య ఇది. రెండువేల ఏళ్లకు పైబడిన దీని ప్రయాణంలో సొగసుల ముచ్చట నిన్నమొన్నటిది.

మన ప్రాచీన వైద్య గ్రంథం సుశ్రుత సంహిత చెప్పిన విధానం ఇలా సాగుతుంది. ముక్కు కొలతకు ఒక ఆకును కత్తిరించాలి. ఆ కొలతకు చెంప చర్మాన్ని లేపి, ఒక పక్క మాత్రం తెగకుండా ఉంచి, ముక్కు మోడు మీదికి తిప్పి అతికించాలి. ఊపిరి ఆడేందుకు రెండు గొట్టాలు పెట్టాలి. తెగకుండా ఉంచిన ఆ పక్కలోనే కిటుకంతా ఉంది, చర్మానికి రక్తం అందేది అక్కడినుంచే. శిష్యుడి సాధన గురించీ ఆ గ్రంథం వివరంగా చెప్పింది: గుమ్మడి, సొర, దోసకాయల మీద కోతలు, మందపాటి బట్ట మీద కుట్లు, బొమ్మలకు కట్లు. ఎంత చదివినా చేత్తో సాధన చేయనివాడు వైద్యానికి పనికిరాడని తేల్చేసింది.

తరవాతి కాలంలో ఈ పని కొన్ని కుటుంబాల చేతివృత్తిగా మిగిలింది. 1794 అక్టోబరులో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఒక ఉత్తరం అచ్చువేసింది. దాని ప్రకారం, ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే కావస్‌జీ 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్‌కు చిక్కి ముక్కు, ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. ఏడాది దాటాక పుణె దగ్గర, ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు పెట్టాడు. పల్చటి మైనపు రేకును మోడు మీద ముక్కులా మలిచి, దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీశాడు. ఆ మేర చర్మం లేపి, కనుబొమల మధ్య చిన్న పట్టీ వదిలి, కిందికి తిప్పాడు. కుట్లు లేవు, కాచు పూసిన గుడ్డ ముక్కలతోనే అతుకు నిలిచింది. ఇంచుమించు ఇరవై అయిదో రోజున ఆ పట్టీ కోశాడు. పత్రికలో రోగి పేరుంది, వైద్యుడి పేరు లేదు. ఈ చరిత్రలో నా మనసును అన్నిటికన్నా కలచివేసే లోటు అదే.

ఇటలీ సర్జన్ తాలియాకోజ్జి దండచేతి చర్మంతో ముక్కు చేసే పద్ధతిని 1597లో గ్రంథస్థం చేసినా, ఆయన తరవాత అది మరుగున పడింది. యూరప్‌ను మళ్లీ కదిలించింది ఈ భారతీయ పద్ధతే. లండన్ సర్జన్ కార్ప్యూ ఏళ్ల తరబడి శవాల మీద సాధన చేసి 1814లో దాన్ని అమలు చేశాడు. అప్పటికి మత్తుమందు లేదు.

ప్లాస్టిక్ సర్జరీ ప్రత్యేక శాఖగా నిలదొక్కుకున్నది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో. కందకంలోంచి తల ఎత్తిన సైనికుడి దవడ తుపాకీ గుండుకు ఎగిరిపోయేది. న్యూజీలాండ్‌లో పుట్టిన హెరాల్డ్ గిలీస్ అలాంటివాళ్ల కోసం 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్కప్‌లో ఆసుపత్రి పెట్టించి, సర్జన్లను, దంతవైద్యులను, చిత్రకారులను ఒకచోట చేర్చాడు. చర్మపు పలకను గొట్టంలా చుట్టి కుట్టి, దశలవారీగా ముఖానికి చేర్చే పద్ధతి అక్కడే ప్రసిద్ధికెక్కింది. అయిదువేల మందికి పైగా అక్కడ చికిత్స పొందారు. రెండో ప్రపంచ యుద్ధంలో గిలీస్ బంధువు మెకిండో కాలిన పైలట్లను బాగుచేశాడు. అదే యుద్ధంలో కాలిన సైనికులకు అతికించిన పరాయి చర్మం ఎందుకు నిలవడం లేదని మథనపడ్డ జోసెఫ్ ముర్రే, ఆ అన్వేషణతోనే 1954లో కిడ్నీ మార్పిడి చేసి, 1990లో నోబెల్ అందుకున్నాడు. ఆయన కూడా ప్లాస్టిక్ సర్జనే.

మన దేశంలో నాగపూర్‌లో సి. బాలకృష్ణన్, పట్నాలో ఆర్.ఎన్. సిన్హా, బొంబాయిలో ఎన్.హెచ్. అంతియా ఈ శాఖకు పునాదులు వేశారు. గిలీస్ దగ్గర నేర్చుకున్న అంతియా, ఆ నేర్పును కుష్ఠు రోగుల ముక్కులకు, చేతులకు ధారపోశాడు. ఇటుక బట్టీలున్న నేల మీదికి విద్య తిరిగొచ్చిందనిపిస్తుంది నాకు.

ఇవాళ ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే ఎంబీబీఎస్, ఎంఎస్, ఆపైన మూడేళ్ల ఎంసీహెచ్ కలిపితే పదకొండున్నర ఏళ్ల చదువు. హైదరాబాద్ ఉస్మానియాలో, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఆ సీట్లున్నాయి. గ్రహణం మొర్రి, తెగిన వేళ్లు, క్యాన్సర్ తీసేసిన దవడలు, మైక్రోస్కోపు కింద వెంట్రుక లాంటి దారంతో కలిపే రక్తనాళాలు, అన్నీ నేర్చుకోవాలి. అయినా ఈ విద్యకు అసలు బడి కాలిన గాయాల వార్డే. ఎంసీహెచ్ చేతికొచ్చాక కాస్మెటిక్ క్లినిక్‌కే పరిమితమైపోయే యువ డాక్టర్లు ఆ వార్డును మరిచిపోకూడదు.

ఆ వార్డులో ఎప్పుడూ కొరతే, చర్మానికి. ఉస్మానియాలో 2021 నుంచి స్కిన్ బ్యాంకు ఉంది. మరణించిన ఆరు గంటల లోపు తొడల నుంచి, వీపు నుంచి పల్చటి పొర మాత్రమే తీస్తారు, ముఖం జోలికి రారు. అది అయిదేళ్ల దాకా నిలవ ఉంటుంది. నేత్రదానం గురించి ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు, దయచేసి చర్మదానం సంగతీ చెప్పి ఉంచండి.